థైరాయిడ్ రిపోర్ట్ వెనుక ఓ అయస్కాంత పూస.. బీకర్‌లో చేయడం ఈజీ, ఫ్యాక్టరీలో ఎందుకంత కష్టం?

ఉదయం రక్తం ఇస్తే సాయంత్రానికల్లా ఫోన్‌కే రిపోర్ట్ వచ్చేస్తోంది. టీఎస్‌హెచ్ ఎక్కువ ఉంటే డాక్టర్ మాత్ర డోసు పెంచుతారు.. తక్కువ ఉంటే తగ్గిస్తారు. గర్భిణి అయితే ఆ నంబర్‌ను ఇంకాస్త జాగ్రత్తగా చూస్తారు. ఎందుకంటే తొలి నెలల్లో కడుపులోని బిడ్డ మెదడు ఎదుగుదలకు తల్లి థైరాయిడ్ హార్మోనే ఆధారం.

ఇంత ముఖ్యమైన ఆ నంబర్ ఎక్కడి నుంచి వస్తోంది? ల్యాబ్‌లో ఉన్న పెద్ద మిషన్ నుంచి అనుకుంటాం. నిజానికి మిషన్ చేసేది కొలిచి పోయడం, కలపడం, కడగడం, వెలుతురు లెక్కపెట్టడం. రక్తంలో ఉన్న వేల రకాల ప్రొటీన్లలోంచి టీఎస్‌హెచ్‌ని మాత్రమే పట్టుకునే పని వేరేవాళ్లది. రీఏజెంట్ ప్యాక్‌లో ఓ చిన్న సీసా ఉంటుంది. అందులో గోధుమ రంగు నీళ్లు. ఆ నీళ్లలో కంటికి కనిపించని అయస్కాంత పూసలు కోట్ల కొద్దీ తేలుతుంటాయి. వాటినే మాగ్నెటిక్ మైక్రోపార్టికల్స్ అంటారు.

థైరాయిడ్ ఒక్కటే కాదు. గుండెపోటు వచ్చిందేమో చూసే ట్రోపోనిన్, విటమిన్ డి, బీ12, ప్రెగ్నెన్సీ హార్మోన్, ప్రొస్టేట్ క్యాన్సర్‌కి చేసే పీఎస్‌ఏ, హెపటైటిస్, హెచ్‌ఐవీ.. పెద్ద ల్యాబుల్లో ఇవన్నీ ఇప్పుడు ఎక్కువగా ఈ పూసల మీదే నడుస్తున్నాయి. మేకిన్ ఇండియా అంటూ మెడికల్ డివైజ్ పార్కులు కడుతున్నాం. స్టెంట్లు చేస్తున్నాం, స్కానర్లు చేస్తామంటున్నాం. ఈ పూస సంగతి మాత్రం పెద్దగా ఎవరూ మాట్లాడరు.

ట్యూబులో అసలేం జరుగుతుంది?

పూస మీద ముందుగానే ఒక యాంటీబాడీని అతికించి ఉంచుతారు. అది టీఎస్‌హెచ్ కనిపిస్తే పట్టుకుంటుంది. రక్తం నుంచి తీసిన సీరమ్‌ని మిషన్ ఈ పూసలతో కలుపుతుంది. వెలుతురు ఇచ్చే రసాయనం తగిలించిన రెండో యాంటీబాడీ కూడా వచ్చి అదే టీఎస్‌హెచ్‌కి మరో వైపు అతుక్కుంటుంది. అంటే టీఎస్‌హెచ్ మధ్యలో ఇరుక్కుపోయింది.. శాండ్‌విచ్‌లో ముక్కలాగా. ల్యాబ్ వాళ్లు కూడా దీన్ని శాండ్‌విచ్ పద్ధతి అనే పిలుస్తారు.

ఇప్పుడు ట్యూబు పక్కకి అయస్కాంతం వస్తుంది. పూసలన్నీ ఒక్కసారిగా గోడకి అతుక్కుంటాయి. మిగిలిన నీళ్లు, పట్టుబడని ప్రొటీన్లు అన్నీ పీల్చేసి కడిగేస్తారు. అయస్కాంతం తీసేయగానే పూసలు మళ్లీ విడివిడిగా నీళ్లలో కలిసిపోతాయి. తర్వాత ఒక రసాయనం వేస్తే వెలుతురు వస్తుంది. ఎంత వెలుతురు ఉంటే అంత టీఎస్‌హెచ్. చాలా పరీక్షల్లో ఈ తతంగం అంతా అరగంట లోపే అయిపోతుంది.

పాత ఎలైజా ప్లేట్‌లో యాంటీబాడీ గుంట గోడకి ఉండేది. హార్మోనే ఈదుకుంటూ గోడ దాకా రావాలి. అందుకే గంటలు పట్టేది. పూసల పద్ధతిలో గోడే హార్మోన్ దగ్గరికి వెళ్లినట్టు. పైగా చోటు కూడా ఎక్కువ. 1 మైక్రాన్ సైజు పూసలు ఒక గ్రాము తీసుకుంటే లెక్క ప్రకారం దాదాపు లక్ష కోట్ల పూసలుంటాయి. వాటి ఉపరితలం అంతా కలిపితే సుమారు 3 చదరపు మీటర్లు. ఒక డబుల్ కాట్ మంచం అంత జాగా ఓ చిటికెడు పొడిలో ఉందన్నమాట.

తుప్పు పొడి కాదు.. అలాగని పూర్తి అయస్కాంతం కూడా కాదు

పూసలోకి వెళ్లాల్సిన అయస్కాంత పదార్థం తయారు చేయడం నిజంగానే సులువు. రెండు రకాల ఇనుప లవణాలు ఒకటికి రెండు పాళ్లలో నీళ్లలో కలిపి, గాలి తగలకుండా చూసుకుంటూ అమ్మోనియా పోస్తే క్షణాల్లో నల్లటి మడ్డి దిగుతుంది. అదే మాగ్నెటైట్. డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లో కూడా చేయొచ్చు. బీకర్ కింద అయస్కాంతం పెడితే నల్ల మడ్డి అటు పరుగెత్తడం చూడ్డానికి భలే ఉంటుంది. ఇలాంటి డెమో వీడియోలు చాలానే తిరుగుతుంటాయి. అది చూసి 'ఇంతేనా' అనుకుంటే పొరపాటే.

మొదటి మెలిక సైజు దగ్గరే. ఇనుప రజను ఒకసారి అయస్కాంతానికి తాకిస్తే, తర్వాత తీసేసినా ముద్దలు ముద్దలుగా అంటుకునే ఉంటుంది. టెస్ట్‌లో పూసలు అలా ముద్ద కడితే పని ఖతం. కడగడం కుదరదు, లోపల ఇరుక్కున్న చెత్త బయటికి రాదు. మాగ్నెటైట్ రేణువు సుమారు 10 నానోమీటర్లంత చిన్నగా ఉంటే మాత్రం దాని స్వభావం మారిపోతుంది. అయస్కాంతం దగ్గరుంటే గట్టిగా స్పందిస్తుంది. తీసేయగానే ఆ గుణం పోతుంది. దీన్నే సూపర్ పారామాగ్నెటిజం అంటారు.

మరి 10 నానోమీటర్ల రేణువునే నేరుగా వాడొచ్చు కదా? కుదరదు. ఒక్కో రేణువు మీద అయస్కాంతం చూపించే లాగుడు చాలా తక్కువ. గోడకి చేరడానికి బోలెడు టైమ్ పడుతుంది. అందుకే వేల రేణువుల్ని ఒక పెద్ద ప్లాస్టిక్ పూసలో ఇరికించాలి. పూస సైజు 1 నుంచి 5 మైక్రాన్ల దాకా ఉంటుంది. లాగితే వేగంగా రావాలి, వదిలేస్తే విడిపోవాలి. ఈ రెండూ ఒకేసారి కావాలంటే చిన్న రేణువులు, పెద్ద పూస రెండూ ఉండాల్సిందే.

రెండో మెలిక ఇంకా పెద్దది. లక్ష కోట్ల పూసలూ ఒకేలా ఉండాలి. ఒక పూస చిన్నగా, మరొకటి పెద్దగా ఉంటే.. పెద్దది ముందు గోడకి చేరుతుంది, చిన్నది కడిగేటప్పుడు కొట్టుకుపోతుంది. అలా పోయిన పూసతో పాటు అది పట్టుకున్న టీఎస్‌హెచ్ కూడా పోయినట్టే. రిపోర్ట్‌లో నంబర్ ఆ మేరకు తప్పు.

అంతరిక్షంలోనే సాధ్యం అన్నారు.. నార్వేలో నేల మీదే చేసి చూపించారు

ఒకే సైజు పూసల కథలో అసలు హీరో నార్వే కెమిస్ట్ యోన్ ఉగెల్‌స్టాడ్. ట్రోన్‌హైమ్‌లోని సాంకేతిక విద్యాసంస్థలో ప్రొఫెసర్. 1970ల్లో పరిస్థితి ఎలా ఉండేదంటే, కొన్ని మైక్రాన్ల సైజులో అచ్చం ఒకేలా ఉండే ప్లాస్టిక్ పూసలు భూమి మీద చేయడం అయ్యే పని కాదని చాలామంది నమ్మకం. కారణం గురుత్వాకర్షణ. పెరుగుతున్న పూస మొదట నీళ్లపైకి తేలుతుంది, గట్టిపడ్డాక అడుగుకి దిగుతుంది. దాన్ని ఆపాలని గట్టిగా కలిపితే ఒకదానికొకటి అంటుకుంటాయి.

అందుకే అమెరికా ఏకంగా స్పేస్ షటిల్‌నే ఎంచుకుంది. లీహై యూనివర్సిటీ శాస్త్రవేత్త జాన్ వాండర్‌హాఫ్ టీమ్ తయారు చేసిన రియాక్టర్ 1982 మార్చిలో కొలంబియా షటిల్ మీద తొలిసారి పైకి వెళ్లింది. అలా తర్వాతి ప్రయాణాల్లో చేసిన 10 మైక్రాన్ల పూసల్ని అమెరికా ప్రమాణాల సంస్థ 1985లో అమ్మకానికి పెట్టింది. అంతరిక్షంలో తయారై భూమి మీద అమ్ముడైన తొలి వస్తువుగా వాటికి పేరొచ్చింది.

ఉగెల్‌స్టాడ్ మాత్రం అంతకుముందే 1970ల చివర్లో తన ల్యాబ్‌లోనే దారి కనిపెట్టేశారు. మామూలు ప్లాస్టిక్ రేణువు తన సైజుకి కొన్ని రెట్లకు మించి ద్రవాన్ని పీల్చుకోలేదు. ఆయన ముందుగా ఆ రేణువులోకి నీళ్లలో కరగని ఓ చిన్న అణువుల పదార్థాన్ని ఎక్కించారు. అంతే.. అదే రేణువు తన ఘనపరిమాణానికి వందల రెట్లు, కొన్నిసార్లు వెయ్యి రెట్లకు పైగా మోనోమర్‌ని పీల్చుకుని ఉబ్బింది. మొదట పెట్టిన విత్తనాలన్నీ ఒకే సైజువి కాబట్టి ఉబ్బిన పూసలు కూడా ఒకే సైజులో వచ్చాయి. శనగలు నానబెట్టినట్టే.. కాకపోతే ఇక్కడ ప్రతి శనగా ఒకే లెక్కన ఉబ్బాలి.

తర్వాత ఆ పూసల్లో సన్నటి రంధ్రాలు ఉండేలా చేసి, ఇనుప లవణాన్ని లోపలికి పంపి అక్కడే ఆక్సైడ్‌గా మార్చారు. ఇనుము అన్ని పూసల్లోనూ సమానంగా పడింది. ఆపై ఇంకో పాలిమర్ పొరతో రంధ్రాలు మూసేశారు. ఈ చివరి పొర చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ చాలా ముఖ్యం. ఇనుము బయటికి కారితే వెలుతురు ఇచ్చే రసాయనాన్ని అది గెలుకుతుంది. టీఎస్‌హెచ్ లేకున్నా వెలుతురు రావచ్చు, ఉన్నా తగ్గొచ్చు.

ఆ పూసలే డైనాబీడ్స్. 1980ల్లో లండన్‌లో పిల్లల ఎముక మజ్జ నుంచి క్యాన్సర్ కణాల్ని ఏరేయడానికి వాడటంతో వాటి పేరు మోగిపోయింది. వాటిని అమ్మడానికి పుట్టిన డైనాల్ కంపెనీని 2005లో అమెరికాకు చెందిన ఇన్విట్రోజెన్ కొనేసింది. చేతులు మారి 2014లో థర్మో ఫిషర్ కిందికి వెళ్లింది. తయారీ మాత్రం నార్వేలోనే, ఓస్లో పక్కన లిల్లెస్ట్రోమ్‌లో కొనసాగుతోంది. యజమాని మారినా ఫ్యాక్టరీని అక్కడి నుంచి కదిలించలేదంటే.. ఈ పనిలో మిషన్ల కన్నా చేతి అనుభవం విలువ ఎంతో అర్థం చేసుకోవచ్చు.

జుట్టు కోసం మాత్ర.. థైరాయిడ్ రిపోర్ట్ తారుమారు!

పూస పైపొర ఎంత పని చేస్తుందో తెలియాలంటే మన ఇళ్లలోనే ఓ ఉదాహరణ ఉంది. జుట్టు రాలుతోందని చాలామంది బయోటిన్ మాత్రలు వేసుకుంటున్నారు. రోజుకి మనిషికి కావాల్సింది 30 మైక్రోగ్రాముల దగ్గర. మార్కెట్లో దొరికేవి 5 మిల్లీగ్రాములు, 10 మిల్లీగ్రాములు.. అంటే వందల రెట్లు.

కొన్ని కంపెనీల కిట్లలో పూస మీద నేరుగా యాంటీబాడీ ఉండదు. స్ట్రెప్టావిడిన్ అనే ప్రొటీన్ పూత ఉంటుంది. దానికి బయోటిన్ అంటే అంతులేని ఇష్టం. ఒకసారి పట్టుకుంటే వదలదు. అందుకే యాంటీబాడీకి బయోటిన్ తగిలించి పూసకి అంటిస్తారు. ఇప్పుడు రక్తంలోనే బయోటిన్ పొంగిపొర్లుతుంటే? పూస మీద సీట్లన్నీ అదే ఆక్రమించేస్తుంది. యాంటీబాడీకి చోటుండదు. ఫలితంగా టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. టీ3, టీ4 పరీక్షలు నడిచే పద్ధతి వేరు కాబట్టి అక్కడ తప్పు రివర్స్‌లో వస్తుంది.. ఎక్కువగా చూపిస్తుంది. రెండూ కలిపి చూస్తే ఏ సమస్యా లేని మనిషికి హైపర్ థైరాయిడ్ ఉన్నట్టే కనిపిస్తుంది.

ఇది ఊహ కాదు. 2017 నవంబర్‌లో అమెరికా ఎఫ్‌డీఏ దీనిపై హెచ్చరిక ఇచ్చింది. ఎక్కువ డోసు బయోటిన్ వాడుతున్న ఒకరికి ట్రోపోనిన్ పరీక్ష తప్పుగా తక్కువ చూపించిందని, ఆ వ్యక్తి చనిపోయారని అందులో ఉంది. ఆ తర్వాత కొన్ని కంపెనీలు బయోటిన్‌ని తట్టుకునేలా కిట్లు మార్చాయి. థైరాయిడ్ టెస్ట్‌కి కనీసం 2 రోజుల ముందు బయోటిన్ ఆపమని అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ చెబుతోంది. డాక్టర్ రాసిచ్చిన మాత్ర అయితే సొంతంగా ఆపొద్దు, ముందు అడగాలి. కనీసం రక్తం తీసేవాళ్లకి 'బయోటిన్ వాడుతున్నా' అని ఒక్క మాట చెప్పాలి.

2020లో హైదరాబాద్ ఏం చేసింది, ట్రోన్‌హైమ్ ఏం చేసింది?

పూసలు దొరక్కపోతే ఏమవుతుందో ప్రపంచం కరోనా టైమ్‌లో చూసింది. ఆర్‌టీపీసీఆర్ చేయాలంటే ముందు శాంపిల్ నుంచి ఆర్‌ఎన్‌ఏ తీయాలి. పెద్ద ల్యాబుల్లో ఆ పని కూడా అయస్కాంత పూసలదే. కాకపోతే అక్కడ పైపొర యాంటీబాడీ కాదు, సిలికా. 2020లో ఆర్‌ఎన్‌ఏ తీసే కిట్లకి ప్రపంచమంతా కొరత వచ్చింది. డబ్బులున్న దేశాలు కూడా క్యూలో నిలబడ్డాయి.

ఉగెల్‌స్టాడ్ పనిచేసిన సంస్థ ఇప్పుడు ట్రోన్‌హైమ్‌లోని ఎన్‌టీఎన్‌యూ యూనివర్సిటీలో భాగం. అక్కడి టీమ్ వారాల్లోనే సొంతంగా సిలికా పూత పూసిన పూసలు తయారు చేసి నార్వే ఆస్పత్రులకి అందించింది. అక్కడ దశాబ్దాలుగా ఆ విద్య ఉంది కాబట్టే అంత వేగం.

హైదరాబాద్‌లోని సీసీఎంబీ మరో దారి పట్టింది. ఆర్‌ఎన్‌ఏ తీసే స్టెప్పే లేకుండా, పొడి స్వాబ్‌తో నేరుగా ఆర్‌టీపీసీఆర్ చేసే పద్ధతి తెచ్చింది. 2020 నవంబర్‌లో ఐసీఎంఆర్ దానికి ఓకే చెప్పింది. తెలివైన పనే, సందేహం లేదు. కొరత ఉన్న వస్తువునే పక్కన పెట్టేసింది. కానీ ఇమ్యునోఎస్సేలో ఆ ఛాన్స్ లేదు. పూసని పక్కన పెడితే పట్టుకునే చేయే లేనట్టు. ఇంకో మహమ్మారి వచ్చినా, సప్లై చైన్ తెగినా.. థైరాయిడ్, ట్రోపోనిన్ పరీక్షలకి పొడి స్వాబ్ లాంటి అడ్డదారి ఏదీ రెడీగా లేదు.

స్కీముల్లో పూస ఎక్కడ?

మన దేశంలో వాడే వైద్య పరికరాల్లో 70 నుంచి 80 శాతం దిగుమతులే అన్న అంచనా ఏళ్లుగా వినిపిస్తోంది. దీన్ని తగ్గించాలనే కేంద్రం 2020లో రూ.3,420 కోట్లతో పీఎల్‌ఐ స్కీమ్ తెచ్చింది. అందులో నాలుగు విభాగాలు పెట్టారు. క్యాన్సర్ రేడియోథెరపీ, స్కానింగ్ పరికరాలు, అనస్తీషియా-గుండె-ఊపిరితిత్తులు-కిడ్నీ పరికరాలు, ఇంప్లాంట్లు. రక్త పరీక్షల కిట్లకి ప్రత్యేకంగా విభాగమే లేదు. ఇక వాటి లోపలి పూస సంగతి చెప్పేదేముంది.

2024 నవంబర్‌లో రూ.500 కోట్లతో మరో స్కీమ్ వచ్చింది. ఇది కాస్త నయం. ఇందులో రూ.180 కోట్లు విడిభాగాలు, ముడిసరుకు ఇక్కడే చేసేవాళ్లకి పెట్టుబడి సబ్సిడీ కింద పెట్టారు. పెట్టుబడిలో 10 నుంచి 20 శాతం, ఒక్కో ప్రాజెక్టుకి గరిష్ఠంగా రూ.10 కోట్లు. అయస్కాంత పూస అచ్చంగా ముడిసరుకే కాబట్టి స్కీమ్ ఉద్దేశానికి సరిపోతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి డయాగ్నస్టిక్ కిట్లు, రీఏజెంట్ల మీద జీఎస్టీని 12 నుంచి 5 శాతానికి తగ్గించారు. పేషెంట్‌కి మంచిదే. కానీ కిట్ మీద పన్ను తగ్గితే కిట్ ఎక్కడ తయారైందన్నది మారదు.

విచిత్రం ఏంటంటే, ఒకప్పుడు ఈ విషయంలో మనం ఇంత వెనకబడి లేం. రేడియోధార్మిక పదార్థంతో హార్మోన్లు కొలిచే ఆర్‌ఐఏ పద్ధతి నడిచిన రోజుల్లో అణుశక్తి శాఖ కింద ఉన్న బ్రిట్ సంస్థ థైరాయిడ్ కిట్లు ఇక్కడే చేసి ల్యాబులకి ఇచ్చేది. ఆటోమేటిక్ మిషన్లు వచ్చాక ఆట మారిపోయింది.

ఎలా మారిందంటే.. పెద్ద కంపెనీలు చాలాచోట్ల మిషన్‌ని ల్యాబ్‌కి అమ్మవు, పెట్టి వెళ్తాయి. దానికి బదులు ఇన్నేళ్లు, ఇన్ని టెస్టుల రీఏజెంట్ మా దగ్గరే కొనాలని అగ్రిమెంట్ రాయించుకుంటాయి. ఆ మిషన్ వేరే కంపెనీ సీసాని లోపలికి రానివ్వదు. బార్‌కోడ్ చూసి తిప్పి పంపేస్తుంది. ప్రింటర్ చవగ్గా ఇచ్చి ఇంకు మీద సంపాదించే వ్యాపారం అన్నమాట. అంటే మన దగ్గర ఎవరైనా అద్భుతమైన పూస తయారు చేసినా నేరుగా ల్యాబ్‌కి అమ్మలేరు. సొంత మిషన్ ఉన్న కంపెనీ దాన్ని కొనాలి. దేశంలో సొంతంగా ఇలాంటి మిషన్లు చేసే కంపెనీలు పెరిగితేనే పూస చేసేవాడికి కస్టమర్ దొరుకుతాడు. పూస ఒక్కదానికే సబ్సిడీ ఇచ్చి ఊరుకుంటే అది గోడౌన్‌లోనే ఉంటుంది.

ఇక్కడే ప్రభుత్వాల చేతిలో ఓ ఆయుధం ఉంది.. కొనుగోళ్లు. 2018లో మొదలైన తెలంగాణ డయాగ్నస్టిక్స్ హబ్‌లలో థైరాయిడ్ పరీక్షలు ఉచితంగా చేస్తున్నారు. అంటే ప్రభుత్వమే పెద్ద కస్టమర్. విశాఖలో మెడ్‌టెక్ జోన్, సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లో మెడికల్ డివైజెస్ పార్క్ ఉన్నాయి. బిల్డింగ్‌కి, కరెంట్‌కి కొదవ లేదు. ఇలాంటి టెండర్లలో ఏ కంపెనీ రీఏజెంట్ అయినా పనిచేసే ఓపెన్ మిషన్లకి కొంత వాటా పెడితే చిన్న కంపెనీలు అడుగు పెట్టే వీలుంటుంది. అలాగని 'లోకల్' అన్న ఒక్క ముద్ర చూసి నాసిరకం కిట్ కొంటే అసలుకే మోసం. టీఎస్‌హెచ్ నంబర్ తప్పొస్తే నష్టపోయేది ఆ గర్భిణే, కంపెనీ కాదు.

ఒక బ్యాచ్ బాగుంటే సరిపోదు

ఈ రంగంలో కొత్తవాళ్లు ఎక్కువగా పడిపోయేది ఇక్కడే. మొదటి బ్యాచ్ అదిరిపోతుంది. రెండోది కాస్త తేడా. మూడో బ్యాచ్‌కి యాంటీబాడీ సగమే అతుక్కుంటుంది. కలిపే వేగం మారినా, పాత్ర సైజు మారినా, నీళ్ల పీహెచ్ కొంచెం అటు ఇటైనా పూస మారుతుంది. 100 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో వచ్చిన ఫలితం 100 లీటర్ల రియాక్టర్‌లో వస్తుందన్న గ్యారంటీ లేదు. రీఏజెంట్ లాట్ మారిన ప్రతిసారీ ల్యాబ్‌లో మళ్లీ క్యాలిబ్రేషన్, కంట్రోల్స్ నడిపేది అందుకే. కొత్త ప్యాక్ ఎక్కించే ముందు టెక్నీషియన్ దాన్ని మెల్లగా తిప్పి తిప్పి పెట్టడం గమనించారా? అడుగుకి దిగిన పూసలు మళ్లీ సమానంగా కలవడానికే అది. ఆ తిప్పడం మర్చిపోయినా రీడింగ్ తేడా కొట్టొచ్చు.

టైమ్ విషయం ఇంకోటి. పూస మీద యాంటీబాడీ 2 నుంచి 8 డిగ్రీల చలిలో నెలల తరబడి పాడవకుండా ఉండాలి. గడ్డ కడితే పనికిరాదు. కిట్ మీద 18 నెలల ఎక్స్‌పైరీ రాయాలంటే ఆ సీసా 18 నెలలు ఫ్రిజ్‌లో ఉండి, మధ్య మధ్యలో తీసి పరీక్షించినప్పుడల్లా అదే రీడింగ్ ఇవ్వాలి. ఎక్కువ వేడిలో ఉంచి త్వరగా అంచనా వేసే పద్ధతి ఉంది గానీ, దాంతో పాటు ఈ అసలు పరీక్ష కూడా నడవాల్సిందే. ఆపై క్లినికల్ పరీక్షలు, లైసెన్స్. ఒక కంపెనీ ఈ ఏడాది తొలి మంచి బ్యాచ్ తీసినా, దానితో చేసిన కిట్ మన వీధి చివర ల్యాబ్‌కి రావడానికి ఏళ్లు పడుతుంది. రెండేళ్లకో మూడేళ్లకో ముగిసే సబ్సిడీ గడువులు ఆ లెక్కకి సరిపోవు.